ఎవరి చోటు వారు ఊడ్చుకొనుట
(నిజామాబాదులో తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లలకు తమ గదిని తాము శుభ్రపరచుకొనుట ఎట్లు నేర్పవలెనో చెప్పుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మాకు మొదట నవ్వు వచ్చినది. ఇక్కడ కూర్చున్న వారిలో ఎందరి యిండ్లలో పిల్లలకు వేరుగా గది యున్నది? మేము బోధన్ ప్రక్కన శక్కర్‌నగర్‌లో పెరిగితిమి. రెండు అర్రల క్వార్టరులో ఐదుగురు పిల్లలము. మా గది యనగా గోడవార ఒక రేకుపెట్టె, ఒక సాప, చొక్కా తగిలించుకొనుటకు ఒక మేకు. అయినను ఆ మూల మాదే. అట్టి మూల ప్రతి యింటను గలదు గనుక దానిని గూర్చియే మాట్లాడెదము.

1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీని మీరందరు ఎరుగుదురు. చెరకు ఆడు నెలలలో పిప్పిని కాల్చిన బాయిలర్లనుండి నల్లని మసి లేచి మా వాకిళ్లలోను, ఆరవేసిన బట్టలమీదను, కొన్నిసార్లు అన్నపు గిన్నెలోను పడుచుండెను. పెద్దలు దానిని తిట్టుకొనుచునే, మసి పడుచున్నంతకాలము జీతము వచ్చునని సంతోషించుచుండిరి. అమ్మ పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఊడ్చుచుండెను. అమ్మకు చేతకానినాడు అక్క ఊడ్చెను. మగపిల్లలమైన మా చేతికి ఎవరును చీపురు ఇయ్యలేదు, మేమును అడుగలేదు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడినది. దానితో మసియు పోయినది. చీపురు మాత్రము ఇప్పటికిని ఆడపిల్లల చేతిలోనే యున్నది.

దాని ఫలము ఎక్కడ బయటపడునో వినుడి. మన జిల్లానుండి దుబాయి, మస్కటు, సౌదీలకు పోవువారు ప్రతి వీధిలోను గలరు. బోధన్ దగ్గరి చెరకు పల్లె యువకుడొకడు సెలవుమీద వచ్చి మాకు తన సంగతి చెప్పెను. క్యాంపులో ఒక గదికి ఎనిమిదిమంది. ఊడ్చుటకు వంతులు వ్రాసి తలుపునకు అంటించిరి. తన వంతు వచ్చిననాడు అతడు గుమ్మమువద్ద మొదలుపెట్టి లోపలికి ఊడ్చి, చెత్తనంతయు మంచము క్రిందికి నెట్టెను. అందరు నవ్విరి. సిరిసిల్లవాడొకడు చేయిపట్టి నేర్పెను. ఈ మాట ఫోనులో విని వాని తల్లి, "నా కొడుకు పొరక పట్టవట్టెనా" అని ఏడ్చినదట. మేము ఆమెను ఓదార్చలేదు. ఇరువది రెండేండ్లవానికి తన మంచము క్రింద ఊడ్చుట రాకపోయెనే అని ఏడ్చిన బాగుండునంటిమి. కటువైన మాటయే. ఆమె రెండు వారములు మాతో పలుకలేదు.

ఇంతవరకు ఇతరుల తప్పు చెప్పితిమి. ఇక మాది.

సుమారు పదునైదేండ్ల క్రిందట మేము ఒక బాలుర హాస్టలును చూచుకొనుచుంటిమి. అది ఏ ఊరిలోనిదో చెప్పము. ఉదయపు చదువునకు ఆలస్యముగా లేచినవాడు హాస్టలు వసారాతోపాటు మా యింటి వాకిలియు ఊడ్వవలెనని నియమము పెట్టితిమి. క్రమశిక్షణయు, శుభ్రతయు ఒక్క దెబ్బతో వచ్చునని మా తలంపు. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు చీపురు ముట్టనన్నాడు. గట్టిగా అడిగితిమి, నేల చూచుచు నిలిచెను. అందరు తిని లేచిన తరువాతనే వానికి అన్నము పెట్టించితిమి. ఆ సంగతి తలచుకొన్నప్పుడెల్ల ఇప్పటికిని మాకు సిగ్గగును.

ఆదివారమునాడు వాని అవ్వ వచ్చినది. నడుము వంగిన ముసలమ్మ. తెలంగాణ పల్లెలలో దొరల గడీలకు వెట్టి చేసినవారిని గూర్చి మనము పుస్తకములలో చదివియున్నాము. ఆమె చిన్ననాట తల్లితో కూడ తెల్లవారకమునుపే పోయి గడీ ఊడ్చినది, కూలిలేకుండ. ఆమె మా వాకిటనే నిలిచి ఇట్లనెను:

"అయ్యగారూ, వాని జాగ వాడు ఊడ్వకుంటె చెంపమీద కొట్టుండ్రి, నేనేమనను. మీ వాకిలి వానితోని ఎందుకు ఊడ్పిస్తిరి? మేం ఊడ్చిన కాడికి సాలదా?"

మేము మారు పలుకలేకపోతిమి. ఆమె వెళ్లిన తరువాత వాడు పడుకొను చోటికి పోయి చూచితిమి. ఆ హాలు మొత్తములో అంత శుభ్రమైన మూల మరొకటి లేదు. పెట్టె తుడిచియున్నది, పళ్లెము బోర్లించియున్నది, బొంత నాలుగు మడతలు. సోమవారమునుండి మా వాకిలిని మేము ఊడ్చుకొంటిమి. ఆలస్యమునకు వేరొక శిక్ష పెట్టితిమి. హాలు ఊడ్చు వంతుల పట్టికలో వార్డెను పేరును చేర్చితిమి.

2025లో మన రాష్ట్ర సాంఘిక సంక్షేమ గురుకులములలో పిల్లలు తమ గదులను, మరుగుదొడ్లను తామే కడుగుకొనవలెనన్న మాటపై ఎంత దుమారము లేచినదో మీకు తెలియును. మీలో కొందరు "పని నేర్చుకొన్న తప్పేమి?" అంటిరి, కొందరు కోపపడితిరి. ఆ దినములలో మాకు ఆ ముసలమ్మయే జ్ఞాపకము వచ్చినది. పిల్లవాడు తన పక్క చుట్టి, తన మంచము క్రింద ఊడ్చుకొనుట చదువులో భాగమే. జీతమిచ్చి మనిషిని పెట్టవలసిన పనిని జీతము మిగులునని పిల్లలమీద వేయుట చదువు కాదు. జపాను పాఠశాలలలో పిల్లలే తరగతి గదులు, వరండాలు ఊడ్చి తుడుచుదురని తరచు ఉదాహరణ చెప్పుదురు. నిజమే, కాని అక్కడ ఆ పని కొందరి పిల్లలకే వ్రాసిపెట్టినది కాదు. ఎవరి బిడ్డయైనను బకెట్టు ఎత్తవలసినదే. మన యొద్ద చీపురు ఏ వాడకట్టు పిల్లల చేతికి ముందుగా పోవునో మనకు తెలియును.

ఇక ఇంటిలో ఏమి చేయవలెను? ఐదేండ్ల బిడ్డ తన బొంత మడిచి, చెప్పులు ఒకచోట విడువగలదు. ఎనిమిది తొమ్మిదేండ్లకు ఊడ్వగలదు. పెద్ద చీపురు ఇయ్యకుడి. అరిగిపోయిన పొట్టి చీపురు చిన్న చేతికి సరిపోవును. ముందు సాప లేపి దులిపి, మూలనుండి గుమ్మమువైపునకు రావలెనని ఒకసారి మీరు చేసి చూపుడి. తరువాత ప్రక్కన నిలిచి ఊరకుండుడి, అదియే కష్టము. బిడ్డ ఊడ్చి లేచినవెంటనే తల్లి వచ్చి అదే చోటును మరల ఊడ్చుట మేము చాల యిండ్లలో చూచితిమి. మరునాడు ఆ బిడ్డ ఎందుకు ఊడ్చును? మూలలో కొంత దుమ్ము మిగిలిన మిగులనిండు. చిల్లర పైసలు ఆశ చూపకుడి. అన్నకు, చెల్లెలికి ఒకే పని ఇయ్యుడి.

బీడీలు చుట్టు తల్లులకు ఒక మాట. మీ చాట ముందర రాలిన తునికాకు ముక్కలు, తంబాకు పొడి బిడ్డ చోటులోనివి కావు. బిడ్డచేత వాటిని ఎత్తింపకుడి. ఆ పొడి బిడ్డ ఊపిరిలోనికి పోరాదు. నీళ్లు చిలకరించి మీరే మెల్లగా ఎత్తుడి. మీకు ఒళ్లు నొప్పులని మాకు తెలియును. చుట్టిన చేతులకే ఈ పనియు చెప్పుచున్నామని కోపపడకుడి. ఇంటిలో తండ్రియుండిన ఆయనకును రెండు చేతులున్నవి.

వెనుక వరుసలో అమ్మగారు నవ్వుచున్నారు. కారణము మాకు తెలియును. మా పుస్తకముల బల్లను, దాని క్రింది కాగితములను ఇన్నేండ్లు వారే సర్దుచుండిరి. ఈ ప్రసంగము వ్రాయుచున్నామని తెలిసిన దినమునుండి వారు మానివేసిరి. నేటికి తొమ్మిది దినములు. రాత్రి ఇంటికి పోయి ఆ బల్ల సంగతి చూడవలసియున్నది గనుక ఇంతటితో సెలవు తీసికొనుచున్నాము.