పోతలోని మడత



భావనపాడు ఒడ్డున నిలిచి సముద్రమును చూచినవారు ఎరుగుదురు. దూరమున నీరు నునుపుగా ఉండును. ఒడ్డుకు వచ్చి అల విరిగినప్పుడు మాత్రము గాలిని తనలో చుట్టుకొని తెల్లని నురుగుగా మారును. నీటిలో చిక్కిన గాలి క్షణములో వెడలిపోవును. కరగిన లోహము అట్లే విరిగి పడినచో, దాని గుర్తు పోతలో శాశ్వతముగా నిలుచును.

కరగిన అల్యూమినియమునకు గాలి సోకినంతనే, కాచిన పాలపై మీగడవలె, పైన ఒక పొర కట్టును. ప్రాణవాయువుతో లోహము కూడగా ఏర్పడిన ఆక్సైడు పొర అది. క్రొత్తగా కట్టినప్పుడు దాని మందము మిల్లీమీటరులో వేయవవంతు కూడ ఉండదు. అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడున కరగును. ఈ పొర 2,000 డిగ్రీలకు కూడ కరగదు. పైన కదలక ఉన్నంతవరకు అది లోహమును కాపాడు కవచమే.

కాని లోహమును ఎత్తునుండి దుమికించినచో పొర మడతపడి లోపలికి పోవును. మడతలోని పొడి ముఖములు రెండును ఆనుకొనునేగాని అతుకుకొనవు. నడుమ గాలి చిక్కును. లోహము గట్టిపడిన పిదప ఆ మడతయే పగులు. అట్టి వస్తువును లాగినచో సాగక తెగును; మాటిమాటికి భారము పడినచో త్వరగా విరుగును. ఒకే మూసలోని లోహముతో పోసిన రెండు వస్తువులలో ఒకటి ఏండ్లు నిలువగా, రెండవది నెలలలో విరుగుటకు గల ముఖ్య కారణములలో ఇది ఒకటి.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ కాంబెల్ ఈ జంటపొరలను గూర్చి దీర్ఘకాలము పరిశోధించి, 1991లో 'కాస్టింగ్స్' అను గ్రంథమును వెలువరించెను. అచ్చులో ప్రవేశించు లోహము వేగము సెకనుకు అరమీటరు మించరాదని ఆయన చెప్పెను. అర అంగుళము ఎత్తునుండి పడినంతనే ఆ వేగము వచ్చును! కావుననే అచ్చును పైనుండి కాక అడుగునుండి మెల్లగా నింపుట మేలు.

శ్రీకాకుళం జిల్లాలోనే, టెక్కలికి పడమట, సారవకోట మండలమున బుడితి కలదు. ఇత్తడి, కంచు పనితనమునకు భౌగోళిక గుర్తింపు పొందిన గ్రామమది. ఇత్తడికి, కంచుకు ఈ ముప్పు అల్యూమినియమునకు ఉన్నంత లేదు. అయినను తెట్టె తీసి, ధార తెగకుండ పోయుట ఏ పోతకైనను క్షేమము. గంటలో పగులు దాగినచో నాదము చెడును.

మరపడవను నడుపు ప్రొపెల్లరు కూడ పోతవస్తువే. అందులకు అల్యూమినియమునో, అది కలిసిన కంచునో వాడుట కలదు. నడిసముద్రమున దాని రెక్క విరిగినచో పడవలోనివారి ప్రాణములకే ముప్పు. కొనువానికి పైమెరుపు కనబడునుగాని లోని మడత కనబడదు. ఆనాడు పోసినవాని చేతి నిదానమే ఈనాడు పడవవానికి రక్ష.