మన డాబా, మన ఎండ, వడ్డీ లేని అప్పు
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సోలార్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎండ సంగతి బెజవాడ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కరెంటు బిల్లు సంగతి అసలే అక్కర్లేదు. అందుకే నేరుగా లెక్కలోకి వస్తాను.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటుది మెట్ల లెక్క. నెలకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అదీ దాటితే 9.75. అన్నదమ్ములు కలిసి ఉంటున్న ఒక ఇల్లు ఏడాది సగటున నెలకు 300 యూనిట్లు కాలుస్తుందనుకోండి. ఈ లెక్కన 1,673 రూపాయలు. ఫిక్సెడ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే. ఆ డాబా మీద రెండు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టారనుకుందాం. దానికి 200 చదరపు అడుగుల జాగా, నీడ పడని జాగా, కావాలి. కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి, అంటే నెలకు 240. నెట్ మీటర్ ఆ 240ని తీసేసి మిగిలిన 60 యూనిట్లకే బిల్లు వేస్తుంది. అది 147 రూపాయలు. నెలకు 1,500 మిగిలినట్టే. ఇంత మిగలడానికి కారణం, పోయేవి పై మెట్ల మీది ఖరీదైన యూనిట్లు కావడం.

ఇదే లెక్క నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంటికి వేయండి. వాళ్ల బిల్లు 305 రూపాయలు. మొత్తం మాఫీ అయినా మిగిలేది అంతే. అలాంటి ఇంటివాళ్లు ఎవరో వచ్చి ఊదరగొడితే అప్పు చేసి ప్యానెళ్లు పెట్టుకోవద్దు. వాళ్లు పాత ఫ్యాన్లు మార్చుకుంటే చాలు.

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్లకు 60,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. అంతకు మించి ఎంత పెట్టినా 78,000 దాటదు. బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్లకు ఇంకో 20,000 ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మనలో దూదేకుల సోదరులు బీసీ-బీలో, మరి కొన్ని వర్గాలవారు బీసీ-ఈలో ఉన్నారు. కుల ధ్రువపత్రం తీసి దగ్గర పెట్టుకోండి.

అయితే సబ్సిడీ పని పూర్తయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు సొమ్ము మనమే పెట్టాలి. లేనివాళ్లకు బ్యాంకులు పూచీకత్తు లేకుండా తక్కువ వడ్డీకి అప్పిస్తున్నాయి. మన ఇళ్లలో చాలామంది ఆగిపోతున్నది ఇక్కడే. తక్కువైనా వడ్డీ వడ్డీయే కదా భాయ్, రిబా కదా అంటారు. ఆ మాట అన్నవాళ్లను తప్పుపట్టను. కానీ అలా ఆగిపోయినవాళ్లు నెల నెలా ఆ 1,500 కడుతూనే ఉన్నారు. వాళ్లకు ఇంకో దారి చూపించడం మన సొసైటీ పని అని నేను అనుకుంటున్నాను.

ఆ దారి కర్జె హసనా. పెళ్లిళ్లకు, ఆస్పత్రి ఖర్చులకు మనకు అలవాటైనదే. రెండు కిలోవాట్లకు 1,20,000 అవుతుందనుకుందాం. సొసైటీ ఆ మొత్తం ఇస్తుంది. సబ్సిడీ రాగానే 60,000 తిరిగి వచ్చేస్తుంది. మిగిలిన 60,000కు ఆ ఇల్లు ఇదివరకు కరెంటుకు కట్టిన 1,500నే 40 నెలలు సొసైటీకి కడుతుంది. ఇంటివాళ్ల జేబు మీద కొత్త బరువు లేదు. అలాంటి ఇళ్లు పది ఉంటే నెలకు 15,000 తిరిగి వస్తుంది, ఎనిమిది నెలలకొకసారి పదకొండో ఇంటికి, పన్నెండో ఇంటికి సొమ్ము సిద్ధం. ప్యానెళ్లకు సాధారణంగా పాతికేళ్ల వారంటీ ఉంటుంది. ఇన్వర్టర్ అంతకాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాలి. అప్పు తీరాక ఆ ఖర్చు కోసం నెలకు కొంత పక్కన పెట్టుకోవాలి.

ఈ నిధికి జకాత్ సొమ్ము ముట్టుకోవద్దని నా మనవి. సొంత డాబా ఉండి 300 యూనిట్లు కాల్చేవాడు దానికి హక్కుదారు కాడు. దీన్ని చందాలతో, కలిగినవాళ్ల సదకాతో వేరే ఖాతాలో నడపాలి.

అసలు చిక్కు ఇంకొకటుంది. మన వన్‌టౌన్ ఇళ్లలో మీటర్లు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. తాతగారి పేరు, లేదా ఇల్లు అమ్మి వెళ్లిపోయినవారి పేరు! దరఖాస్తు మీటరు ఎవరి పేరున ఉంటే వారే పెట్టాలి, సబ్సిడీ వారి ఖాతాలోనే పడుతుంది. పోయినవారి పేరు మీద ఏ పథకం రాదు. వారసుల సంతకాల దగ్గర అన్నదమ్ముల మధ్య మాట తేలక ఆగిపోయిన డాబాలు నేను చూశాను. అలాంటి చోట మన పెద్దలు కూర్చుని రాజీ చేస్తే, ఆ సాయం డబ్బు కంటే తక్కువది కాదు.

ప్యానెళ్లుంటే కరెంటు పోయినా లైటు వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. వెలగదు. లైను మీద పనిచేసే కార్మికుడికి షాక్ కొట్టకుండా, లైన్లో కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ పెట్టుకుంటే వేరే సంగతి, ఖర్చూ వేరే. ఇంకోటి, 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ను, రాజరాజేశ్వరిపేటను ఎలా ముంచిందో మరిచిపోలేదు కదా. ఇన్వర్టర్‌ను కింద మీటరు పక్కన బిగిస్తామంటే ఒప్పుకోవద్దు, పై అంతస్తులో పెట్టించండి. మచిలీపట్నం, అవనిగడ్డ వైపువాళ్లు తుపాను గాలిని, ఉప్పుగాలిని తట్టుకునే జింకు పూత ఇనుప స్టాండ్లు అడగాలి. కడగడం పొద్దున్నే, ఫజర్ తర్వాత. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే తెల్ల మరకలు పడతాయి.

మస్జిద్‌ల సంగతి అడిగారు. ఈ సబ్సిడీ ఇళ్లకే. అయినా మస్జిద్‌కు సొంతంగా పెట్టుకుంటే జుహర్‌కు, జుమాకు తిరిగే ఫ్యాన్లు, వుజూ నీళ్ల మోటారు పగటి ఎండ మీదే నడుస్తాయి. ముతవల్లీలు బిల్లులు తీసుకుని రండి, లెక్క చూద్దాం. అద్దె ఇళ్లవాళ్లకు ఈ పథకంలో నేను చెప్పగలిగింది ఏమీ లేదు, డాబా యజమానిది.

కార్యవర్గం ముందు నేను పెడుతున్నది ఒకటే. ఈ ఏడాది పది ఇళ్లతో మొదలుపెడదాం. మొదటి విడతకు 12 లక్షలు కావాలి, అందులో సగం సబ్సిడీ రాగానే తిరిగి వస్తుంది. వచ్చే జుమా తర్వాత ఆఫీసులో కూర్చుంటాను. గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదు పట్టుకుని రండి. మీటరు మీద ఉన్న పేరు ముందే చూసుకుని రండి.