కోసివేసిన మాట

జూలూరుపాడు పట్టభద్రులారా!

ముప్పదియేండ్లు పాటగాండ్రను గూర్చి డాక్యుమెంటరీలు తీసి బ్రతికినవాఁడను. ఆ వృత్తిలో నేను చేసిన తప్పొకటి మీకు చెప్పవలెనని వచ్చితిని; దాని మూలము పాత భ్రమయొకటి.

మన పొరుగున నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీలుదారై, భద్రాద్రి రామునికి గుడి కట్టించి, గోల్కొండలో పండ్రెండేండ్లు చెరనుండెనని ప్రసిద్ధిగాంచిన కంచెర్ల గోపన్న కథను 1964లో నాగయ్యగారు ‘రామదాసు’గా తీసిరి, 2006లో ‘శ్రీరామదాసు’ వచ్చెను. కొరడాదెబ్బను, కీర్తనను ఒక్క కన్నీటిలో కలుపుకొని యింటికి పోవు ప్రేక్షకునికి, బాధ లేనిదే పాట లేదను భ్రమ కలుగును. చెరలో కీర్తన పుట్టినదని చెరసాలకు హారతి పట్టుదుమా?

చిత్తవ్యాధి యెడల ఈ భ్రమ మరింత క్రూరము. అమెరికా గాయకుఁడు డేనియల్ జాన్‌స్టన్‌ను గూర్చిన 2005 నాఁటి డాక్యుమెంటరీలో, తండ్రి నడుపుచున్న చిన్న విమానపు తాళపుచెవిని అతఁడు ఉన్మాదావస్థలో లాగి బయట పాఱవేసిన కథ కలదు. నాతో ఆ చిత్రమును గూర్చి ముచ్చటించినవారందఱు ఆ తాళపుచెవినే తలఁచిరి. విమానమును చెట్లపై దింపి కొడుకును దక్కించుకొని, వార్ధక్యమునను ఇంట నుంచుకొని సాకిన ఆ తండ్రిని తలఁచినవారు లేరు.

నేనును అట్టివాఁడనే. ఈ యడవి యంచుననే యొక హార్మోనియము పాటగాఁడు నిద్ర మాలి, రాత్రులెల్ల పాడుచు చేలవెంట తిరిగెను. ఊరివారు గాలి సోకినదనిరి. ఆ తిరుగుడును వెన్నెలలో మరల నడిపించి చిత్రించితిని. కోలుకొన్నపిమ్మట అతఁడు చెప్పిన మాటను, కథ చప్పఁబడునని ఎడిటింగులో కోసివేసితిని. చిత్రము చూచిన బాలుఁడొకఁడు నాయొద్దకు వచ్చి, “ఆయన గోలీలు మింగలే గదా సారూ, నేను గూడ బంద్ చేస్తే అట్ల పాట వస్తదా?” యని యడిగెను. ఆ ప్రశ్న నన్ను నేఁటికిని నిద్రపోనీయదు.

జ్వరము వచ్చిన సర్కారు దవాఖానకు పరుగెత్తు పిల్లలే, వారములకొలఁది నిద్రలేక గోడ చూచుచు కూర్చున్ననాఁడు కళాకారుని మనస్సని మురియుదురేమి? ఎవరు నేర్పిరి మీకీ పిచ్చిమాట? మాబోంట్లమే నేర్పితిమి! ఫోనులు తీయుఁడు, నా యెదుటనే వ్రాసికొనుఁడు: మనోవ్యాధికి సాయపడు టెలి మానస్, 14416. తెలుగులోనే మాటాడుదురు, రూకయు నడుగరు.

నాఁడు ఆ పాటగాఁడు, పాతచీర పీలికతో హార్మోనియము మెట్లు తుడుచుచు, తలయెత్తకయే నాతో నన్న మాట యిది: “నిద్రలేని దినాల్ల కట్టిన పాట ఒక్కటి గూడ నిలవలే సారూ. గోలీలు మింగి కంటినిండ పండుకున్నంకనే చరణాలు కుదిరినయ్.”