మనవరాలి చదువు - తాతగారి సంతకం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను వేరే విషయం మాట్లాడమన్నారు. పిల్లల చదువు అప్పుకు హామీ సంతకం పెట్టమని ఇంట్లో అడిగితే ఏం చేయాలన్నది ఆ విషయం. ఇంజనీరింగు అప్పుల సంగతి మీకు తెలిసిందే. నేను క్లినికల్ సైకాలజీ చదువు గురించి చెబుతాను. ఎందుకంటే ఆ కాగితం మా ఇంటికే వచ్చింది.

మా మనవరాలు ఎం.ఏ. సైకాలజీ పూర్తిచేసి, రోగులకు చికిత్స చేసే అర్హతనిచ్చే రెండేళ్ల కోర్సులో చేరతానంది. మా ఇంటావిడ "ఎర్రగడ్డలో ఉద్యోగమా?" అని కంగారు పడింది. మన తరానికి ఆ పేరు వింటే ఇంకా అదే భయం. కానీ అవసరం మాత్రం నిజం. బెంగళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. వారిలో ఎక్కువమందికి వైద్యమే అందడం లేదు. ఇంతమందికి అవసరమైతే ఉద్యోగానికి లోటేమిటని మా అబ్బాయి వాదన.

అక్కడే నేను ఆగాను. రోగులు ఎక్కువమంది ఉన్నంత మాత్రాన జీతం ఎక్కువ రాదు. జీతం ఇచ్చేవాడు వేరే. ప్రభుత్వం పోస్టులు మంజూరు చేయాలి, లేదా ఆస్పత్రి యాజమాన్యం ఇవ్వాలి, లేదా రోగి తన జేబులోంచి తీయాలి. ట్రెజరీలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిని, మంజూరు లేని పోస్టు ఎన్నేళ్లు ఖాళీగా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

అప్పు ఏడున్నర లక్షలు అనుకోండి. ఏడాదికి సగం చొప్పున కాలేజీకి వెళుతుంది. వడ్డీ నూటికి పది. చదువు రెండేళ్లు, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టనక్కరలేదు. బాగానే ఉంది. కానీ వడ్డీ ఆగదు. మూడేళ్లకు బారువడ్డీయే 1,87,500 అవుతుంది. అది అసలులో కలిస్తే బాకీ 9,37,500. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 12,390 రూపాయలు. మొత్తం కట్టేది పద్నాలుగు లక్షల ఎనభై ఆరు వేల పైచిలుకు. పదిహేనేళ్లు చేయించుకుంటే వాయిదా పదివేల చిల్లరకు దిగుతుంది గాని, కట్టే మొత్తం పద్దెనిమిది లక్షలు దాటుతుంది. ఆ మూడేళ్లూ వడ్డీ నెలనెలా కట్టేస్తే పదేళ్ల వాయిదా 9,910 దగ్గర ఆగుతుంది.

చేతికి 25,000 వచ్చే ఉద్యోగమైతే 12,390 అంటే సగం జీతం. 40,000 వస్తే మూడోవంతు లోపే. ఈ రెండింటిలో ఏది వస్తుందో కాలేజీ వారి రంగుల పుస్తకం చూసి నమ్మవద్దు. గడచిన రెండు బ్యాచీల పిల్లల ఫోన్ నంబర్లు తీసుకుని, మొదటి నెల జీతం ఎంత వచ్చిందని అడగండి. మా అమ్మాయి చేత అలాగే అడిగించాను. జవాబులు విన్నాక మా అబ్బాయి మాట కొంచెం తగ్గింది.

మరొకటి, డబ్బు కన్నా ముందు చూడవలసినది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అనడానికి భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ. ఆమోదించిన చదువు ఉండాలంటుంది. ఎం.ఏ. సైకాలజీ ఒక్కటే చాలదు. పైగా యూజీసీ ఎం.ఫిల్.ను 2022లో ఎత్తివేసి, క్లినికల్ సైకాలజీకి 2025-26 ప్రవేశాల వరకు గడువిచ్చింది. కనుక చేరబోయే కోర్సు పేరేమిటి, ఆ కాలేజీకి, ఆ సంవత్సరానికి ఆమోదం ఉందా అని ఆర్.సి.ఐ. జాబితాలోనే చూసుకోవాలి. ఆమోదం లేని కోర్సుకు అప్పు చేస్తే అప్పు మిగులుతుంది, అర్హత మిగలదు.

ఇక మన సంతకం సంగతి. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం. "ముందు వాళ్లను అడగండి" అని తప్పించుకోవడానికి లేదు. ప్రభుత్వ పెన్షనును కోర్టు జప్తు చేయకుండా 1871 పెన్షన్ల చట్టం కాపాడుతుంది, నిజమే. గ్రాట్యుటీతో వేసిన డిపాజిట్టును పూచీగా పెట్టినా, ఇల్లు తాకట్టు పెట్టినా ఆ రక్షణ వాటికి లేదు. నా తర్వాత మా ఆవిడకు వచ్చే కుటుంబ పెన్షను నా పెన్షను కంటే తక్కువ. ఆమెకు మిగిలే ధైర్యం ఆ ఇల్లే. ఏడున్నర లక్షల వరకు పరపతి హామీ నిధి పథకం కింద తాకట్టు, మూడో మనిషి హామీ లేకుండానే అప్పు ఇవ్వవచ్చు. సంతకానికి ముందు మేనేజరును ఆ మాట అడగండి. అడగకపోతే వారు చెప్పరు.

మా మనవరాలు ఊరుకోలేదు. "డబ్బు కోసమైతే కంప్యూటర్లే చదివేదాన్ని తాతయ్యా" అంది. "ఆ మాట నాకు నచ్చిందమ్మా. కానీ వాయిదా కట్టలేక రెండేళ్లకే ఈ పని వదిలేసి ఏదో ఆఫీసులో చేరితే, నీ దగ్గరకు రావలసిన రోగి ఎక్కడికి వెళతాడు?" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే కాగితం తీసుకుని ప్రభుత్వ సంస్థల పేర్లు రాసింది. వాటిలో ఫీజు చాలా తక్కువ. చదివేటప్పుడు స్టైపెండు ఇచ్చేవీ ఉన్నాయి. సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నా మాట నేను చెప్పాను. చదువుతున్నంత కాలం వడ్డీ నా పెన్షన్‌లోంచి కడతాను, ఇంటి కాగితాలు మాత్రం బీరువా దాటవు. ప్రైవేటు కాలేజీ సీటు గడువు దాటిపోయింది. మా అబ్బాయి నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. అమ్మాయి ప్రవేశ పరీక్షలకు చదువుతోంది.

ఎవరింట్లోనైనా ఇటువంటి కాగితం ఉంటే తీసుకురండి. ప్రతి మంగళవారం పది గంటల నుంచి సంఘం ఆఫీసులోనే ఉంటాను, వాయిదా లెక్క కూర్చుని కట్టి చూద్దాం.