రాతిలోని చమురు, నురుగు



కొత్తగూడెము, ఇల్లెందు, మణుగూరు ప్రాంతములవారికి భూగర్భము పరాయి లోకము కాదు. 1871లో విలియం కింగు ఇల్లెందు చేరువను బొగ్గును కనుగొన్నది మొదలు మన గోదావరి లోయ రాళ్లను శాస్త్రజ్ఞులు పరిశీలించుచునే యున్నారు. ఆ బొగ్గుపొరలు గల గోండ్వానా ఇసుకరాళ్లు మన అడవి అంచున ముగిసిపోవు. అవి సత్తుపల్లి, చింతలపూడి మీదుగా ఆగ్నేయముగా సాగి, కోస్తాలో క్రొత్తశిలల క్రింద అణగియున్నవి. మండపేటవద్ద సహజవాయువు దొరకినది ఈ ప్రాచీన రాతిలోనే. కోనసీమకు ఎదుట సముద్రములో 1987లో కనుగొనిన రవ్వ క్షేత్రపు చమురు మాత్రము ఇంతకంటె మిక్కిలి చిన్నవయసు రాళ్లలోనిది.

చమురు భూమిలో చెరువువలె నిలిచియుండునని పలువురు తలంతురు. అది నిజము కాదు. తడిసిన ఇటుకలో నీరున్నట్లు, ఇసుకరేణువుల నడుమ సందులలో అది ఇమిడియుండును. బావి త్రవ్వినపుడు సహజమైన ఒత్తిడిచే కొంత పైకి వచ్చును. నీటిని క్రిందికి పంపి త్రోసినచో మరికొంత వచ్చును. ఇంత శ్రమపడినను సామాన్యముగా మూడింట రెండువంతులు రాతినంటియే యుండిపోవును.

అందుచే వాయువును ఎక్కించు పద్ధతి పుట్టినది. బొగ్గుపులుసు వాయువు చమురులో కరగి, దానిని ఉబ్బించి, పలుచన చేయును. ఒత్తిడి చాలినంత యున్నచో రెండును ఒకటిగా కలసిపోవును. అమెరికాలోని టెక్సాసులో 1972 నుండియే ఈ పని పెద్దయెత్తున జరిగినది. అయితే వాయువు మహా చంచలమైనది. చమురుకంటె తేలికగుటచే రాతిపొర కప్పునకు ఎగబ్రాకును. పలుచనిదగుటచే సులభమైన దారి దొరకినంతనే అటు పరుగెత్తి, చమురును వెనుక విడిచి, ఉత్పత్తి బావిలో తేలును. గనిలో పనిచేసినవారు దీనిని వెంటనే గ్రహింతురు. తలుపులు, పరదాలు లేనిచో గాలి దగ్గరి దారినే తిరిగిపోవును గాని, బొగ్గు కొట్టువాని యొద్దకు రాదు గదా!

రాతిసందులలో అట్టి తలుపు పెట్టుట యెట్లు? దానికే నురుగు. సబ్బుజాతి ద్రవ్యమును నీటిలో కలిపి, వాయువుతో కూడ పంపినచో, ప్రతి సందులోను పలుచని పొరలు ఏర్పడి వాయువునకు అడ్డుపడును. ఇందలి చమత్కారము మన ఇండ్లలో అందరు ఎరిగినదే. నూనెతలకు కుంకుడురసము పోసినపుడు మొదటిసారి నురుగు రాదు. జిడ్డు వదలిన పిదప రెండవసారి పొంగివచ్చును. రాతిలోను పెక్కు నురుగులు చమురున్నచోట విరుగును. చమురు పోయి వట్టిదైన దారిలో నిలుచును. వాయువు వృథాగా పరుగెత్తునది ఆ వట్టిదారిలోనే గనుక, తలుపు కావలసినచోటనే పడుచున్నది! నార్వేవారు 1990వ దశకపు చివర సముద్రములోని స్నోరె క్షేత్రమున దీనిని పరీక్షించిరి.

చిక్కులు లేకపోలేదు. ఆ ద్రవ్యము కొంత రాతికే అంటుకొని నష్టమగును; లోతున వేడికి చెడును; వెల ఎక్కువ.

మణుగూరు విద్యుత్కేంద్రపు పొగలోని బొగ్గుపులుసు వాయువును డెల్టాకు పంపరాదా యని కొందరు అడుగుదురు. ఆలోచన మంచిదే, కాని లెక్క కుదురుట కష్టమని నా అభిప్రాయము. పొగలో ఆ వాయువు ఏడవవంతునకు మించదు. మిగిలినది చాలవరకు నత్రజని. దానిని వేరుచేయుటకు కేంద్రపు శక్తిలోనే గణనీయమైన భాగము వెచ్చింపవలెను. టెక్సాసులో మొదట వాడినది సహజవాయువును శుద్ధిచేయు కర్మాగారములలో వేరుపడినది, అది చవుక. పైగా బొగ్గుపులుసు వాయువు నీటితో కలసినచో ఆమ్లమై ఇనుపగొట్టములను తినివేయును గనుక, దానిని ముందు ఎండబెట్టవలెను. పాతబావుల మూతులను సిమెంటుతో గట్టిగా బిగింపవలెను. ఇక ఆ గొట్టము షెడ్యూల్డు ప్రాంతపు గ్రామములగుండ పోవలసివచ్చినచో, భూమి తీసికొనుటకు ముందే 1996 నాటి చట్టము ననుసరించి గ్రామసభను గాని, తగిన పంచాయతీని గాని సంప్రదింపవలసియుండును.