చిన్న సైజు మనిషికి ఏ షాట్‌గన్ సరిపోతుంది?

ఇవాళ్టి టాపిక్ అమెరికాలో ఉంటున్నవాళ్లకి. ఇంటి రక్షణకి షాట్‌గన్ కొనాలి, వాడాల్సింది అయిదడుగుల మనిషి. ఏం చూడాలి?

ముందు ఒక హెచ్చరిక. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఇంట్లో ఒకరు గ్రీన్‌కార్డ్, ఇంకొకరు వీసా అయితే కొనేముందే లాయర్‌ని అడగండి.

ఇక అసలు విషయం. చాలా ఇళ్లలో గన్ కొనేది ఆరడుగుల భర్త. రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉండేది భార్య. ఆయన భుజానికి కుదిరింది ఆవిడ చేతికి అందకపోతే దాన్ని కొని లాభమేంటి? అందుకే షాపుకి ఆవిడే వెళ్లాలి, ఆవిడే పట్టుకుని చూడాలి.

మొదట చూడాల్సింది లెంగ్త్ ఆఫ్ పుల్. అంటే ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా ఉన్న దూరం. మామూలు గన్‌లో ఇది 14 అంగుళాల దగ్గర ఉంటుంది. చిన్నవాళ్లకి 12 నుంచి 13 అయితే హాయి. పొడవు ఎక్కువైతే మనిషి వెనక్కి వాలిపోతారు, చెయ్యి చాచాల్సి వస్తుంది, తన్నుడు గట్టిగా తగులుతుంది. మోస్‌బర్గ్ 500 లో బాంటమ్, యూత్ మోడల్స్ ఇలాంటివాళ్ల కోసమే.

రెండోది గేజ్. నంబర్ పెరిగితే గొట్టం సన్నబడుతుంది. 12 గేజ్ లోపలి వ్యాసం 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్‌ది 15.6. 20 గేజ్‌లో తన్నుడు సాధారణంగా తక్కువ, గన్ కూడా తేలిక. కానీ మరీ తేలికైన గన్ ఎక్కువ తంతుంది, అది మర్చిపోవద్దు. 12 గేజే కావాలంటే రెడ్యూస్డ్ రీకాయిల్ తూటాలు దొరుకుతాయి. మూడంగుళాల మాగ్నమ్ జోలికి పోకండి.

ప్రాణం తీసే పొరపాటు ఒకటుంది. 12, 20 గేజ్ తూటాలు ఒకే డబ్బాలో పెట్టొద్దు. 20 గేజ్ తూటా 12 గేజ్ గన్‌లోకి జారి, గొట్టంలో ఇరుక్కుంటుంది. దాని వెనక 12 వేసి పేల్చితే గొట్టమే పగిలిపోతుంది. 20 గేజ్ తూటాలు ఎక్కువగా పసుపు రంగులో ఉండేది అందుకే.

మూడోది, పంపా, సెమీ ఆటోమేటిక్కా? పంప్ చవక. కానీ పూర్తిగా వెనక్కి లాగకపోతే తర్వాతి తూటా ఎక్కదు. గ్యాస్‌తో నడిచే సెమీ ఆటో తన్నుడుని కాస్త మెత్తబరుస్తుంది, కానీ ధర ఎక్కువ.

సినిమాల్లోలాగా గురి చూడకుండా పేలిస్తే చాలు అనుకోకండి. గదిలోపలి దూరంలో గుళ్లు పెద్దగా విచ్చుకోవు. పైగా బక్‌షాట్ డ్రైవాల్‌ని దాటుకుని పోతుంది. గోడ అవతల పిల్లల మంచం ఉందేమో ముందే ఆలోచించుకోండి.

కొన్నాక శిక్షకుడి దగ్గర ప్రాక్టీస్ చెయ్యండి. పిల్లలకి అందకుండా తాళంలో పెట్టండి. ఇవి రెండూ కుదరవు అనుకుంటే గన్ కొనొద్దు, గట్టి తలుపు, అలారం పెట్టించుకోండి.