ఇంట మ్రోగు ఆర్గను

ఐరోపాలోని పెద్ద చర్చిలలో ద్వారము పైభాగమున, వెండి వన్నె గొట్టములు నిలువున బారులు తీరియుండు వాద్యమును ఛాయాచిత్రములలోనైనను మన శ్రోతలు పెక్కుమంది చూచియే యుందురు. అదియే పైప్ ఆర్గను. పారిస్ నగరమందలి నోత్రదామ్ చర్చి ఆర్గనులో సుమారు 8,000 గొట్టములు గలవు. ఇంతటి వాద్యము ఒక ఇంటి గదిలో ఇముడునా? గొట్టములు ఇమడవు. కాని వాని నాదము మాత్రము నేడు బల్లమీది కంప్యూటరులో ఇముడుచున్నది. అది ఎట్లు సాధ్యమైనది, ఆ నాదము ఎంతవరకు నిజమైనది అను రెండు ప్రశ్నలను నేటి ప్రసంగములో విచారింతము.

మన నాటకరంగమునకు చిరపరిచితమైన హార్మోనియముతో పోల్చి చూచినచో విషయము సులభముగ బోధపడును. హార్మోనియములో తిత్తినుండి వచ్చు గాలి లోహపు రీడును కదల్చును. ఆర్గనులో గాలి గొట్టములోనికి పోయి, మురళిలో వలె మ్రోగును. కొన్ని గొట్టముల అడుగున మాత్రము రీడు ఉండును. మురళి రంధ్రములను మూసి తెరచి స్వరములన్నియు పలికింపవచ్చును. ఆర్గను గొట్టమునకు ఒక్కటే స్వరము. కావున మెట్టునకొక గొట్టము కావలెను. ఒకే గుణముగల గొట్టముల వరుసకు స్టాపు అని పేరు. వాయించువాడు ఒక్కొక్క స్టాపును లాగి, నాదమునకు నాదము చేర్చుచు పోవును. మంద్రస్వరములను పాదములతో మెట్లు త్రొక్కి పలికించును. ఎనిమిదడుగుల గొట్టము సెకండునకు సుమారు 65 కంపనముల స్వరమునిచ్చును. పదునారడుగులది అందులో సగము.

ఇంతటితో ఆర్గను ముగియదు. దానిని నిర్మించువారు ఒక్కొక్క గొట్టపు నోటిని చెక్కి తీర్చి, ఆ చర్చి గోడల నడుమ అది ఎట్లు వినవచ్చునో పరీక్షించి సరిచేయుదురు. మెట్టుమీది వ్రేలు తీసిన పిమ్మట కూడ స్వరము కప్పు క్రింద కొన్ని సెకండ్లు సంచరించుచుండును. కనుక ఆ భవనము కూడ వాద్యములో ఒక భాగమే.

ఈ సత్యమును మరచుటచే కలిగిన వివాదమొకటి చరిత్రకెక్కినది. 1935లో అమెరికాలో లారెన్స్ హామండ్ నిర్మించిన విద్యుత్ ఆర్గను విక్రయమునకు వచ్చెను. అందు గొట్టములు లేవు. తిరుగు లోహచక్రములచే పుట్టు విద్యుత్తరంగములే స్వరములు. అది గొట్టముల ఆర్గనుకు సమానమన్న ప్రకటనలపై ప్రభుత్వ వాణిజ్య సంఘము విచారణ జరిపెను. చికాగో విశ్వవిద్యాలయపు ప్రార్థనామందిరములో రెంటిని వాయించి, సంగీతజ్ఞులను, సామాన్యులను పరీక్షించిరి. వారు దాదాపు సగము సార్లు పొరబడిరని కంపెనీ న్యాయవాదులు వాదించిరి. అయినను 1938లో అట్టి ప్రకటనలు మానవలెనని ఆజ్ఞ వెలువడెను. ఇందొక విశేషము గమనింపదగును. పరీక్షలో రెండు వాద్యములకును ఆ మందిరమే తన ప్రతిధ్వనిని అరువిచ్చినది. ఇంటికి తెచ్చిన వాద్యమునకు ఆ అరువు దొరకదు.

నేటి కంప్యూటరు పద్ధతి ఈ లోపమును గుర్తించి బయలుదేరినది. దీనికై చర్చిలో మైక్రోఫోనులు నిలిపి, ఒక్కొక్క గొట్టమును విడివిడిగా మ్రోగించి రికార్డు చేయుదురు. నలుబది స్టాపులు, ఒక్కొక్కదానికి ఏబది గొట్టములు అనుకొన్నను రెండువేల రికార్డులగును. ఒక గొట్టమును రికార్డు చేసి, దానినే వేగము పెంచియు తగ్గించియు తక్కిన స్వరములు చేయరాదా అని అడుగవచ్చును. టేపు వేగముగా తిరిగినచో మనిషి గొంతు ఎట్లు కీచుమనునో రేడియోలో పనిచేయువారికి బాగుగా తెలియును. గొట్టపు గొంతు కూడ అట్లే చెడును.

మరియొక చిక్కు గలదు. మెట్టు నొక్కియున్నంతసేపు ఆర్గను స్వరము ఎడతెగక నిలుచును. రికార్డు కొన్ని సెకండ్లది మాత్రమే. అందుచే స్వరపు నడిమి భాగమును అతుకు తెలియకుండ మరల మరల త్రిప్పుదురు. ఇక వ్రేలు తీయగానే కంప్యూటరు ఆ గొట్టపు తుదిధ్వనిని, దానితో ఆ చర్చి ప్రతిధ్వనిని అందుకొనవలెను. క్షణకాలము పలికిన స్వరపు ప్రతిధ్వని వేరు, చాలసేపు నిలిచిన స్వరపు ప్రతిధ్వని వేరు. కావున ఈ తుదిభాగమునే రెండు మూడు విధములుగ రికార్డు చేయుట కలదు. వాయించువాని ముందు మెట్ల పలకయు, క్రింద పాదముల మెట్లును ఉండును. ఏ మెట్టు నొక్కబడినదో 1983లో వెలసిన మిడి అను సంకేతపద్ధతి కంప్యూటరునకు తెలుపును.

ఇట్టి పని చేయు ప్రోగ్రాములలో హాప్ట్‌వెర్క్ అనునది ప్రసిద్ధము. గ్రాండ్ ఆర్గ్ అనునది ఉచితముగ లభించును. హాలెండులోని జ్వోలే పట్టణమున 1721 నాటి ష్నిట్గర్ ఆర్గను, ఫ్రాన్సులోని కాన్ నగరమున 1885లో కవాయే-కోల్ నిర్మించిన ఆర్గను ఈ విధముగ రికార్డయినవి. పెద్ద ఆర్గనుకు కంప్యూటరులో పలు గిగాబైట్ల జ్ఞాపకస్థానము కావలెను.

దీని ప్రయోజనమేమి? విద్యుత్తు లేని కాలమున ఆర్గను అభ్యాసమునకు తిత్తులు త్రొక్కు మనుష్యులు కావలసియుండెను. అందుచే పూర్వులు పాదముల మెట్లుగల క్లావికార్డును ఇంటనుంచుకొని సాధన చేసిరి. నేటి విద్యార్థియు చర్చి తాళపుచెవికై ఎదురుచూడ నక్కరలేదు. చెవులకు శ్రవణయంత్రము తగిలించుకొని, పొరుగువారి నిద్ర చెడకుండ, అర్ధరాత్రమున కూడ సాధన చేయవచ్చును.

కాని పరిమితులను మరువరాదు. నిజమైన ఆర్గనులో గొట్టములన్నియు ఒకే గాలిని పంచుకొనును. పెక్కు గొట్టములు ఒక్కసారి పలికినపుడు ఆ గాలి కొంచెము తొణకును. విడివిడి రికార్డులలో ఆ తొణకు దానంతట రాదు, గణితముచే కల్పింపవలెను. మంద్రస్వరమునకు నేలయు బల్లయు అదరుట చిన్న స్పీకరులకు సాధ్యము కాదు.

2020 జూలై 18న ఫ్రాన్సులోని నాంట్ నగరపు కెథడ్రలులో అగ్నిప్రమాదము జరిగి, 1621 నాటి మూలముగల మహా ఆర్గను భస్మమైనది. 1972 నాటి అగ్నిని తప్పించుకొన్న వాద్యము ఈసారి దక్కలేదు. ఇట్టి సంఘటన తలచినపుడు, గొట్టము గొట్టముగ చేసిన రికార్డు విలువ తెలియును. అది వాద్యమును మరల బ్రతికింపజాలదు. దాని కంఠమును మాత్రము నిలుపును. అయితే కంఠము భద్రమైనదిగదా యని వాద్యమును పాడుపెట్టుట తగదు. ఎవరైన కొత్త వేళ్లతో మెట్లను తాకినపుడు, గాలి తొణకి, గోడలు పలికి పుట్టు నాదము ప్రతిదినము క్రొత్తదే. ఇంట మ్రోగు ఆర్గను మనలను ఆ మూలనాదము కడకు నడిపించినపుడే దాని సేవ సార్థకమగును.